పలెర్మోలో ఒక రోజు: తిండి, గుళ్లు, బొమ్మలాట – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్క రోజులో పలెర్మో అయిపోతుందా?

అవదు. ఫినీషియన్లు, అంటే లెబనాన్ తీరం నుంచి వచ్చిన పాతకాలపు సముద్ర వర్తకులు, కట్టిన ఊరు, వయసు రెండువేల ఏడువందల ఏళ్ల పైమాటే. ఇప్పుడు ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవికి రాజధాని, ఆరు లక్షల పైచిలుకు జనం. కాకపోతే పాత ఊరు కాలినడకకు సరిపోయేంత చిన్నది. రైల్వే స్టేషన్ నుంచి ఒపెరా హౌస్ దాకా నడిస్తే అరగంట కూడా పట్టదు. అందుకే ఒక్క రోజులోనూ చాలానే చూడొచ్చు, ఆశ కాస్త తగ్గించుకుంటే.

నా సలహా ఒక్కటే. తినాల్సినవి ఒక లిస్టు, చూడాల్సినవి ఇంకో లిస్టు అని విడదీసి రాసుకోకండి. ఇక్కడ ఆ రెండూ ఒకే కథ. 831లో అరబ్బులు ఈ ఊరు పట్టుకున్నారు. వాళ్ల కాలంలోనే నిమ్మ, నారింజ, వంకాయ, చెరకు, వరి ఈ దీవిలో వేళ్లూనుకున్నాయి. 1072లో ఉత్తర ఫ్రాన్స్ మూలాలున్న నార్మన్లు వచ్చి గెలిచారు గానీ, అరబ్బు పనివాళ్లను తరిమేయలేదు, కొలువులో ఉంచుకున్నారు. ఆ తర్వాత స్పెయిన్ ఏలుబడి. చర్చి పైకప్పులోనూ, వీధి చివర బండి మీద వేగుతున్న పదార్థంలోనూ కనిపించేది ఈ రాకపోకలే.

పొద్దున్నే టిఫిన్ సంగతేంటి?

మన లెక్కలో టిఫిన్ దొరకదు. 'బార్' అని బోర్డున్న చోటికి వెళ్లండి. మద్యం షాపు కాదు, కాఫీ కొట్టు. చాలాచోట్ల ముందు క్యాష్ కౌంటర్‌లో డబ్బు కట్టి, రసీదు తెచ్చి కాఫీ చేసే అతనికి చూపించాలి. నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు. ఊరివాళ్లు నిలబడే తాగి రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు.

వేసవిలో అయితే గ్రనీతా అడగండి. బాదం లేదా నిమ్మరసంతో చేసిన మెత్తటి ఐస్, పక్కన తలపై చిన్న ముడి ఉన్న బ్రియోష్ బన్ను. గ్రనీతాలో పేరున్నవి తూర్పు తీరంలోని మెస్సీనా, కతానియా. పలెర్మోలో ఆ బన్నును చీల్చి లోపల ఐస్‌క్రీమ్ కూరి పొద్దున్నే తినేవాళ్లు కనిపిస్తారు. పిల్లలతో వెళ్తే ఈ ఒక్క టిఫిన్‌తో రోజంతా మాట వింటారు.

చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి?

నార్మన్ల రాజభవనంతో, అదీ గేట్లు తీసే వేళకే. లోపల కప్పెల్లా పలతీనా అనే చిన్న ప్రార్థనా మందిరం ఉంది. నార్మన్ పాలకుడు రెండవ రొజెర్ 1130లో రాజుగా పట్టాభిషేకం చేసుకున్నాక, 1132 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టాడు. గోడల నిండా బంగారు మొజాయిక్, అంటే చిన్నచిన్న పలకలు అతికించి చేసిన బొమ్మలు, బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వచ్చిన పనితనం. అందరూ అక్కడే ఆగిపోతారు. మీరు మెడ ఇంకొంచెం పైకెత్తండి. కప్పు మొత్తం చెక్క. తేనెపట్టు గదుల్లా ఒకదాని కింద ఒకటి వేలాడే ఆ చెక్కడం ముస్లిం శిల్పులది. ఆ చిన్నచిన్న గదుల్లో వీణ లాంటి వాద్యం వాయించేవాళ్లు, పానపాత్ర పట్టుకుని కూర్చున్నవాళ్లు, చదరంగం ఆడుతున్నవాళ్లు బొమ్మలుగా ఉన్నారు. అరబిక్ లిపిలో రాజుకు శుభాకాంక్షలు ఉన్నాయి. కింద పూజ లాటిన్ పద్ధతిలో, గోడ మీద రాత గ్రీకులో, పైన అరబిక్. ఒక చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, లేదంటే ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి.

ఇదే భవనంలో సిసిలీ ప్రాంతీయ అసెంబ్లీ నడుస్తుంది. సమావేశాలున్న రోజుల్లో రాజుగారి గదులు చూపించరు. ఆదివారం పొద్దున ప్రార్థనల వల్ల మందిరంలోకి వెళ్లే వేళలు మారతాయి. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి.

అక్కడి నుంచి అయిదారు నిమిషాల నడకలో కథెడ్రల్. లోపల రొజెర్ సమాధి, 1250లో చనిపోయిన చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ సమాధి ఉన్నాయి. దక్షిణం వైపు వాకిట్లో ఎడమ చేతి స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంటుంది. మసీదుగా ఉన్న రోజుల నుంచి మిగిలినదంటారు. గైడ్ లేకపోతే చాలామంది దాన్ని దాటుకుని లోపలికి వెళ్లిపోతారు. ఈ అరబ్-నార్మన్ కట్టడాలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బల్లరో మార్కెట్‌లో ఏముంటుంది? కాపో, వుచ్చిరియా కూడా చూడాలా?

రాజభవనం నుంచి బల్లరోకి పది నిమిషాలు. దారి తప్పినా ఫర్వాలేదు, అరుపులు వినిపిస్తాయి. కూరగాయలమ్మేవాళ్లు రాగం తీసి అరుస్తారు, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. ఎర్రటి గుడారపు బట్టల కింద వెలుగంతా ఎర్రబడి, టమాటాలు ఇంకా ఎర్రగా కనిపిస్తాయి. చేపల బల్ల మీద స్వోర్డ్‌ఫిష్ తల కోసి, కత్తిలాంటి ముక్కు ఆకాశం వైపు ఉండేలా నిలబెడతారు.

వేసవిలో వెళ్తే ఒక వింత. మనిషి చెయ్యి కంటే పొడవున్న లేతాకుపచ్చ కాయలు కట్టలుగా పడేసి ఉంటాయి. అవి సొరకాయలే, మన పాదు మీద కాసే ఆ జాతే. ఇక్కడివాళ్లు కాయ కంటే తీగ చివరి లేత ఆకులకు ఎక్కువ విలువిస్తారు. తెనెరూమి అంటారు. టమాటా, వెల్లుల్లి వేసి, విరిచిన స్పగెట్టీతో పల్చటి సూప్ కాస్తారు. మండే ఎండలో వేడివేడి సూప్ ఏమిటని అనుకోకండి, తిని చూడండి.

మార్కెట్‌లో ఒక్క చోటే కడుపు నింపుకోవద్దు. ఒక బండి దగ్గర కొంచెం, ఇంకో కొట్టులో కొంచెం. అన్నీ నిలబడి, చేత్తో, కాగితంలో తినేవే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు మంచి సమయం.

కాపో మార్కెట్ ఒపెరా హౌస్ దగ్గర ఉంది, అదీ బాగుంటుంది, కానీ ఒక్క రోజులో రెండు మార్కెట్లు అనవసరం. వుచ్చిరియా పాత మార్కెట్‌గా దాదాపు అయిపోయింది. ఇప్పుడది రాత్రిపూట బతికే చోటు. దాని పాత వైభవం చూడాలంటే రెనాతో గుత్తూసో 1974లో వేసిన పెద్ద చిత్రం ఉంది. వేలాడే మాంసం, చేపలు, పళ్ల మధ్య ఇరుకు సందులో జనం. పియాత్సా మరీనా దగ్గరి స్తెరి భవనంలో ఉంటుంది. అదే భవనం ఒకప్పుడు మత విచారణ ఖైదీల, అంటే చర్చి నమ్మకాలకు ఎదురు వెళ్లారని పట్టుకున్నవాళ్ల, జైలు. ఖైదీలు గోడల మీద గీసిన బొమ్మలు, రాసిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి.

మేం శాకాహారులం. పస్తులుండాలా?

అక్కర్లేదు. ఇటలీలో చాలా ఊళ్ల కంటే ఇక్కడే సుఖం, ఎందుకంటే వీధి తిండిలో నంబర్ వన్ మన శనగపిండితో చేసిందే. పేరు పనెల్లె. బజ్జీ అనుకుంటారేమో, కాదు. శనగపిండిని నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, ఉప్పు వేసి, పొయ్యి మీద గట్టిపడేదాకా తిప్పుతూనే ఉంటారు. దించాక పార్స్లీ తరుగు కలిపి, వేడి మీదే పల్చగా పరుస్తారు. ఆరాక పలకల్లా కోసి నూనెలో వేయిస్తారు. అంచు కరకర, మధ్యలో మెత్తన. నువ్వులద్దిన బన్నులో నాలుగైదు పెట్టి, నిమ్మకాయ పిండి ఇస్తారు. పక్కన బంగాళదుంప ముద్దను వేయించిన క్రొకే కూడా పెట్టమనండి. కారం కోరుకునే నాలుకకు చప్పగా అనిపించొచ్చు. నిమ్మకాయ ఇంకోటి అడగండి, మిరియాల పొడి చల్లించుకోండి.

కపొనాతా తప్పక తినాలి. వేయించిన వంకాయ ముక్కలు, సెలరీ, ఆలివ్, కేపర్లు (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు), టమాటా, పైన వెనిగర్, పంచదార. పులుపూ తీపీ కలిసిన ఆ రుచి అరబ్బుల వంటల నుంచి వచ్చిందని చెబుతారు. చల్లారాకే వడ్డిస్తారు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. కొన్నిచోట్ల చేప కలిపి కూడా చేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి.

ఇక జాగ్రత్తలు. ఇవి చాలా గైడ్లలో రాయరు.

స్ఫిన్చోనే అనే మెత్తటి మందపాటి పిజ్జాలో కంటికి ఉల్లిపాయ, టమాటా, రొట్టె పొడి మాత్రమే కనిపిస్తాయి. లోపల ఆంచొవీ చేప కరిగిపోయి ఉంటుంది. 'బుర్రో', అంటే వెన్న అని పేరున్న అరన్చీనాలో (వేయించిన అన్నం ముద్ద) పంది మాంసం హామ్ ఉంటుంది. 'రగు' అన్నదాంట్లో గొడ్డు మాంసమో, పంది మాంసమో, రెండూనో ఉంటాయి. పాలకూర, అంటే 'స్పినాచి' రకం అడగండి. కన్నోలి అనే గొట్టం స్వీటు పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు కలుపుతారు, వేయించేదీ కొన్నిచోట్ల అందులోనే. పనెల్లె వేగే నూనెలోనే ఇంకేం వేగుతుందో కూడా చూసుకోవాలి. ఎంత పట్టింపు ఉందో మీరే తేల్చుకోండి.

'సెన్సా కార్నె, సెన్సా పెషె' అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. వెజిటేరియన్ అని మాత్రమే చెబితే చేప పెట్టే అవకాశం ఉంది, రెండూ చెప్పండి. 'స్త్రుత్తో' అంటే పంది కొవ్వు.

మాంసాహారులకు ఏది ప్రత్యేకం?

పాని కా మేవుసా. పశువు ప్లీహం, అంటే మటన్ కొట్టులో తిల్లి అంటారే అది, ఊపిరితిత్తులతో కలిపి ఉడకబెట్టి, పల్చగా కోసి, పంది కొవ్వులో వేడి చేసి బన్నులో పెడతారు. వాడేది దూడది, కాబట్టి గొడ్డు మాంసం తిననివాళ్లు దూరంగా ఉండాలి. బండివాడి పనితనం మాత్రం తినకపోయినా చూడొచ్చు. పెనం ఒక పక్కకు వాలి ఉంటుంది. పల్లంలో కొవ్వు, మిట్టన ముక్కలు. రెండు పళ్ల ఫోర్కుతో ముక్కలను కిందికి లాగి, వేడెక్కాక పైకి నెట్టి, కొవ్వు కారనిచ్చి, బన్నులో పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కుతాడు. నిమ్మరసం, ఉప్పుతో మాత్రమే తింటే అది 'పెళ్లికానిది', రికొత్తా, కచోకవల్లో చీజ్ వేస్తే 'పెళ్లయినది'. పలెర్మో యూదు కసాయిలు డబ్బుకు బదులు ఈ భాగాలను కూలిగా తీసుకునేవారని, 1492లో వాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టాక వంటకం ఊరికి మిగిలిపోయిందని చెప్పుకుంటారు.

సాయంత్రం వీధి మూలల్లో పొగ లేస్తుంటే అది స్తిగ్యోలా. గొర్రెపిల్ల పేగులను ఉల్లికాడకు చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు. బోటి ఇష్టమైనవాళ్లకు చెప్పక్కర్లేదు.

కూర్చుని భోంచేయాలంటే సార్డీన్ చేపల పాస్తా తీసుకోండి. అడవి సోంపు ఆకు, ఎండుద్రాక్ష, పైన్ గింజలు, కుంకుమపువ్వు, పైన వేయించిన రొట్టె పొడి. చేపలో ఎండుద్రాక్ష ఏమిటని మొదటి ముద్దకు అనిపిస్తుంది. పాస్తాకు ఈ ఊరితో సంబంధం పాతదే. రొజెర్ కొలువులో పనిచేసిన భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసి 1154 నాటి పుస్తకంలో, పలెర్మోకు దగ్గరున్న త్రబియాలో పిండితో దారాల్లాంటి ఆహారం చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాశాడు.

అరన్చీనా అనాలా, అరన్చీనో అనాలా?

పలెర్మోలో ఉన్నంతసేపు అరన్చీనా. ఆకారం గుండ్రం. కతానియా వెళ్తే అరన్చీనో, మొన తేలి ఉంటుంది. కుంకుమపువ్వు వేసిన అన్నాన్ని ముద్ద చేసి, లోపల కూర పెట్టి, రొట్టె పొడి అద్ది వేయిస్తారు. ఒకటి తింటే పూట గడిచిపోతుంది. మధ్యాహ్నం భోజనం ఎక్కడో బుక్ చేసుకుని ఉంటే దీని జోలికి వెళ్లకండి.

స్ఫిన్చోనే బండి ఎక్కడ దొరుకుతుంది?

మీరు వెతకక్కర్లేదు, అదే వస్తుంది. మన ఊళ్లలో సర్వీసు ఆటోలుగా తిరిగే పియాజియో ఆపే బండి ఉందే, అది ఇటలీలో 1948లో పుట్టింది. దాని వెనక గాజుపెట్టె, మైకులో రికార్డు చేసిన కేక. ఆ కేకలో బండివాడు తన సరుకును పొగుడుకుంటూనే 'నూనె తక్కువ, దుమ్ము ఎక్కువ' అని తానే వెక్కిరించుకుంటాడు. నాకైతే ఆ నిజాయితీకే ఒక ముక్క కొనాలనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నీ మూసేస్తారట, నిజమేనా?

చాలావరకు నిజం. చిన్న కొట్లు, కొన్ని చర్చిలు ఒంటిగంటకు మూసి నాలుగు ప్రాంతంలో తీస్తారు. భోజనం ఒంటిగంట తర్వాతే. రాత్రి ఎనిమిదికి ముందు రెస్టారెంట్‌కి వెళ్తే వెయిటర్లు వాళ్ల భోజనం వాళ్లు చేస్తుంటారు.

మూసేలోపు క్వాత్రో కాంతి కూడలి దగ్గరికి చేరుకోండి. రెండు పెద్ద వీధులు కలిసే చోట నాలుగు మూలలా నాలుగు వంపు భవనాలు. కింద ఋతువులు, మధ్యలో స్పెయిన్ రాజులు, పైన ఊరిని కాచే స్త్రీ సెయింట్లు. పక్కనే ప్రెతోరియా ఫౌంటెన్. ఫ్లారెన్స్‌లో ఒకరి తోట కోసం చేసింది, విడదీసి ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించారు. బట్టల్లేని విగ్రహాలు చూసి జనం దాన్ని సిగ్గు కూడలి అని పిలిచారు. ఇంకో నిమిషం నడిస్తే మర్తొరానా చర్చి. రొజెర్‌కు క్రీస్తు స్వయంగా కిరీటం పెడుతున్న మొజాయిక్ అందులో ఉంది.

ఎండ వేళకు పియాత్సా మరీనాలోని గారిబాల్ది తోట నా ఓటు. అక్కడి మహావృక్షం మర్రికి దగ్గరి జాతిది, ఊడలు దిగి స్తంభాలుగా మారిపోయాయి. ఆ నీడలో బెంచీ దొరికితే గంట కూర్చోండి.

స్వీట్లలో ఏది వదలకూడదు?

ప్రెతోరియా పక్కనే సాంతా కతెరీనా అనే పాత సన్యాసినుల మఠం ఉంది. లోపలి మిఠాయి కొట్టులో ఊళ్లోని మఠాల పాత వంటకాలు చేసి అమ్ముతారు. శతాబ్దాల తరబడి ఊరి స్వీట్లు మఠాల్లోనే తయారయ్యేవి. సన్యాసినులు ముఖం కనిపించకుండా తిరిగే చెక్క పీపా లాంటి అరలో పెట్టి తిప్పితే, బయటివాళ్లు తీసుకుని డబ్బు పెట్టేవాళ్లు. ఇక్కడ స్వీటు కొని, నారింజ చెట్లున్న పెరట్లో కూర్చుని తినొచ్చు.

కన్నోలో (కన్నోలిలో ఒకటి) కొనేటప్పుడు ఒకటే పరీక్ష. అద్దాల అరలో ముందే నింపి పెట్టినవి వద్దు. ఖాళీ గొట్టం తీసి, అడిగాక రికొత్తా అనే గొర్రె పాల మెత్తటి చీజ్ నింపిస్తే తినండి. ముందే నింపితే తడికి గొట్టం మెత్తబడుతుంది. గొర్రె పాలు బాగా ఉండేది చలికాలం, వసంతం కాబట్టి రికొత్తా రుచి అప్పుడే.

కస్సాతా అనే రికొత్తా కేకు చాలా తీపి, ముగ్గురికి ఒక ముక్క చాలు. బాదం ముద్దతో అచ్చం పళ్లలా చేసే ఫ్రుత్తా మర్తొరానా చూడటానికే ఎక్కువ బాగుంటుంది. ఆగస్టులో వెళ్తే పుచ్చకాయ రసంతో చేసే జేలో దొరుకుతుంది. మల్లె వాసన, దాల్చినచెక్క, పైన పిస్తా. గట్టిపడటానికి వాడేది గంజి పిండి, జెలటిన్ కాదు, శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు.

ఒపెరా దెయ్ పూపి అనే ఇక్కడి బొమ్మలాట మన తోలుబొమ్మలాట లాంటిదేనా?

కథ చెప్పే పద్ధతిలో పోలిక ఉంది, బొమ్మలో లేదు. మన తోలుబొమ్మ తెర వెనక నీడ. వీళ్ల బొమ్మ చెక్క శరీరం, రేకు కవచం, పై నుంచి ఇనుప కడ్డీతో ఆడిస్తారు. పలెర్మో బొమ్మలు దాదాపు ఎనభై సెంటీమీటర్లు, మోకాలు వంగుతుంది, కత్తి ఒరలోంచి తీసి మళ్లీ ఒరలో పెట్టగలవు. కతానియా బొమ్మలు ఇంకా పెద్దవి, కాళ్లు బిగుసుకుని ఉంటాయి.

కథలు మధ్యయుగ ఐరోపా చక్రవర్తి షార్లమేన్ వీరులవి. ఓర్లాందో, రినాల్దో, వాళ్లిద్దరూ మనసు పడ్డ అంజేలికా. ఒకప్పుడు నెలల తరబడి రోజుకొక ఘట్టం ఆడేవారు, ఇప్పుడు గంటలో ముగిస్తారు. యుద్ధం వచ్చినప్పుడు చూడాలి. రేకులు ఢీకొంటాయి, ఆడించేవాడు చెక్క నేల మీద కాలితో దబదబా కొడతాడు, తలలు తెగిపడతాయి, చివరకు రంగస్థలం నిండా శవాల కుప్ప. భాష రాకపోయినా పిల్లలు కదలరు. పియాత్సా మరీనా దగ్గర అంతర్జాతీయ మారియోనెట్ మ్యూజియం ఉంది. ఒపెరా హౌస్ ఎదుటి సందుల్లో మిమ్మో కుతిక్యో కుటుంబం నడిపే చిన్న థియేటర్ ఉంది. ప్రదర్శన రోజూ ఉండదు, ముందే కనుక్కోండి. యునెస్కో ఈ కళకు 2001లోనే గుర్తింపు ఇచ్చింది.

ఒపెరా హౌస్ లోపలికి వెళ్లాలా?

తెయాత్రో మాస్సిమో ఇటలీలోకెల్లా పెద్దది, 1897లో తెరిచారు. మరమ్మతులని 1974లో మూసి 1997లో గానీ తిరిగి తీయలేదు. టైముంటే గైడ్ టూర్, లేకపోతే మెట్ల మీద కూర్చుని చూస్తే చాలు.

మొన్రియాలే, శవాల కాటకోంబ్ కూడా అదే రోజు కలపొచ్చా?

పక్క ఊరు మొన్రియాలేలోని కథెడ్రల్ అద్భుతం, అందుకే దానికి ఇంకో పూట ఇవ్వండి. కపుచిన్ కాటకోంబ్‌లో, అంటే కపుచిన్ సన్యాసుల భూగర్భ సమాధి గదుల్లో, బట్టలు తొడిగిన వేల మృతదేహాలు గోడలకు నిలబెట్టి ఉంటాయి. తిండి కోసం వచ్చిన రోజున నేనైతే వెళ్లను.

మాఫియా భయం ఉందా?

టూరిస్టుకు ఉండే భయం జేబుదొంగలది, మార్కెట్‌లో బ్యాగు ముందుకు వేసుకోండి. మాఫియా దెబ్బ తిన్నది ఊరివాళ్లు. వసూళ్ల డబ్బు కట్టనని బహిరంగంగా చెప్పిన వ్యాపారి లిబెరో గ్రాస్సిని 1991లో చంపేశారు. మాఫియా కేసులు చూసిన జడ్జీలు ఫల్కోనే, బోర్సెల్లీనోలను 1992లో రెండు నెలల తేడాతో బాంబులతో చంపారు. మీరు దిగే విమానాశ్రయం పేరు వాళ్లిద్దరిదే. 2004లో కొందరు యువకులు మామూళ్లకు వ్యతిరేకంగా రాత్రికి రాత్రి ఊరంతా స్టిక్కర్లు అంటించారు. అదే అద్దియోపిత్సో ఉద్యమమైంది. మామూలు కట్టేది లేదని నిలబడ్డ కొట్ల తలుపు మీద దాని స్టిక్కర్ ఉంటుంది. వీలైతే అలాంటి చోట తినండి. మాఫియా బొమ్మల ఫ్రిజ్ మాగ్నెట్లు మాత్రం కొనకండి, ఇక్కడ అది జోక్ కాదు.

ఖర్చు ఎంత? ఎప్పుడు వెళ్లాలి?

వీధి తిండి ఒక్కోటి సుమారు 2 నుంచి 4 యూరోలు. మధ్యాహ్నం వీధిలో తిని, రాత్రి కూర్చుని భోంచేస్తే మనిషికి 40, 50 యూరోల్లో తిండి గడుస్తుంది, టికెట్లు వేరు. రెస్టారెంట్ బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు, మోసం కాదు. బండ్ల దగ్గర చిల్లర ఉంచుకోండి.

ఏప్రిల్, మే, అక్టోబర్ హాయి. ఎండను తట్టుకోగలిగితే జూలై 14 రాత్రి. 1624 ప్లేగు నుంచి ఊరిని కాపాడిందని నమ్మే సాంతా రొజాలియా ఉత్సవం, పెద్ద రథం కథెడ్రల్ దగ్గర నుంచి సముద్రం దాకా వస్తుంది. డిసెంబర్ 13న సాంతా లూచియా రోజు. కరువులో గోధుమల ఓడ వచ్చిందన్న కథకు గుర్తుగా ఆ రోజు రొట్టె, పాస్తా ముట్టరు. పొద్దున్నుంచి రాత్రి దాకా అరన్చీనాలే, ఉడికించిన గోధుమలతో చేసే కుచ్చియా అనే స్వీటు.

పెద్దవాళ్లు నడవగలరా?

వియా మక్వేదా చాలావరకు వాహనాల్లేని వీధి, అక్కడ సుఖం. సందుల్లో రాతి పలకలు నున్నగా అరిగి ఉంటాయి, మార్కెట్లో తడి కూడా. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. మధ్యాహ్నం రెండు గంటలు గదిలో పడుకోనిస్తే సాయంత్రానికి వాళ్లే ముందు నడుస్తారు.

ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు?

ఉప్పులో ఊరిన పంతెల్లెరియా కేపర్లు, బ్రొంతే పిస్తా, ఎండలో ఎండబెట్టి చేసిన చిక్కటి టమాటా ముద్ద. ముద్దను సీసాలో సీలు వేయించి చెక్-ఇన్ లగేజీలో పెట్టండి, చేతి సంచిలో సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. బాదం ముద్దతో చేసిన పళ్లు అట్టపెట్టెలో కొన్ని రోజులు నిలవుంటాయి. కన్నోలి తేవాలనుకుంటే ఖాళీ గొట్టాలే కొనుక్కోండి, రికొత్తా దారిలోనే పులిసిపోతుంది.